చెక్క హెడ్‌ఫోన్లకు మా మామ పెట్టిన పరీక్ష

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని రెండేళ్లు నేను ప్రొద్దుటూరులో మా మిద్దె మీది గదిలో కూర్చుని చెక్క హెడ్‌ఫోన్లు చేసుకున్నాను. ఎవరైనా అడిగితే "బ్యాంకు పరీక్షలకు చదువుతాండాడు" అని మా అమ్మ చెప్పేది. చదివేవాడి గదిలోంచి రంపపు పొట్టు ఎందుకు వస్తోందని ఎవరూ అడగలేదు. మా వీధివాళ్లకు అంత మర్యాద ఉంది.

హెడ్‌ఫోన్లలో రెండు రకాలు. వెనక మూసి ఉండేవి ఒకటి, జల్లెడలా తెరిచి ఉండేవి ఇంకొకటి. మూసినవాటిలో బయటి శబ్దం లోపలికి రాదు. తెరిచినవాటిలో వస్తుంది, లోపలి పాట బయటికి పోతుంది కూడా. బస్సులో పెట్టుకుంటే పక్క సీటాయనకు కచేరీ ఉచితం. కానీ ఇంట్లో ఒక్కడే కూర్చుని వింటే, పాట చెవిలో దూరి అరుస్తున్నట్టు కాకుండా గదిలో ఎవరో పాడుతున్నట్టు ఉంటుంది. ఆ కాస్త గాలి కోసమే నా తిప్పలన్నీ.

పాడైపోయిన హెడ్‌ఫోన్లలోంచి చిన్న స్పీకర్లు పీకి దాచుకున్నాను. వాటిని కూర్చోబెట్టడానికి చెక్క గిన్నెలు కావాలి. జమ్మలమడుగులో మంచం కోళ్లు మరమీద తిప్పి చెక్కే వడ్రంగి దగ్గరికి బొమ్మ గీసుకుని పోయాను. వారం తర్వాత ఆయన ఇచ్చిన గిన్నెలు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్కటే లోపం. నేను తెరిచి పెట్టమన్న వెనక భాగానికి ఆయన బిగుతుగా మూతలు కొట్టి, పాలిష్ కూడా పెట్టాడు.

"ఎనక తెరిచి ఉండాలని గీసినా కదప్పా!"

"గీసినావు. నువ్వు సిన్నపిల్లోనివి, తెలీక గీసినావనుకున్యా" అన్నాడు ఉలి తుడుచుకుంటూ. "ముప్పై ఏండ్లుగా తలుపులు చేస్తాండా. ముందరి తలుపు ఎట్లున్నా సరే, ఎనక తలుపుకు మాత్రం రెండు అంగుళాల సెక్క, మూడు గడియలు. ఎనక తెరిచి పెట్టమని ఈ సీమలో ఇంతవరకు ఎవురూ అడగల్యా నన్ను."

ఇది తలుపు కాదు, పాటలు వినే సామాను, దీని వెనక నుంచి ఎవరూ రారు అని అరగంట చెప్పాక మూతలు ఊడదీశాడు. తీస్తూ కూడా, "మీ నాయనకు తెలుసునా?" అని అడిగాడు.

అట్లా టేకు, వేప, చింత మూడు జతలయ్యాయి. ఎర్రచందనంతో చేస్తే పాట ఎలా ఉంటుందో తెలియదు గానీ కేసు మాత్రం గట్టిగా ఉంటుందని ఆ జోలికి పోలేదు. వెనక వల కోసం మా అత్త ఇంట్లో టీ వడగట్టేవి రెండు మాయమయ్యాయి. చెవి దిండ్లు మోటారు సైకిళ్ల సీట్లు కుట్టే ఆయన కుట్టాడు. రెక్సిన్‌తో కుడితే ఎండాకాలం చెవులు ఉడికిపోయాయి. తర్వాత పాత పంచె గుడ్డతో కుట్టించాను. లోపల కాస్త దూది పెడితే గొంతు మెత్తబడింది. ఎక్కువ పెడితే పాడేవాడికి జలుబు చేసింది.

మూడింట్లో ఏది బాగుందో తేల్చడం నా వల్ల కాలేదు. ఏది చివర చేస్తే అదే బాగున్నట్టు ఉండేది. నా కష్టంతో సంబంధం లేని మంచి చెవి ఒకటి కావాలి. మా చుట్టాల్లో పేరున్న చెవి ఒక్కటే. మా మామది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు, పక్క వీధిలోనే ఇల్లు. జమ్మలమడుగు వైపు పల్లె పెద్ద ఒకాయన వెంట చాలా కాలం తిరిగాడు. పెద్దాయన జీపులో ముందు సీట్లో ఎడమవైపు కూర్చుంటే, సరిగ్గా ఆయన వెనక కిటికీ దగ్గర మామ. పెళ్లికి పోయినా, చావుకు పోయినా, కోర్టు వాయిదాకు పోయినా ఆ కిటికీ మామదే. పెద్దాయన మీద కక్షకట్టిన ఎదుటివాళ్ల జీపు రెండు మైళ్ల దూరంలో ఉండగానే మామ శబ్దాన్ని బట్టి చెప్పేస్తాడని పేరు.

నాలుగేళ్ల కిందట పెద్దాయనా, ఆయన ఎదుటివాడూ ఒకే పార్టీలో చేరి స్టేజీ మీద కావలించుకున్నారు. తాతల కాలం నుంచి ఒకరి మీద ఒకరు కసి పెంచుకున్న జనం కింద నిలబడి చప్పట్లు కొట్టారు. మామ ఇంటికొచ్చి ఎరువుల అంగడి పెట్టుకున్నాడు. ఇప్పుడు మళ్లీ ఎన్నికలొచ్చాయి, మళ్లీ పార్టీలు చీలాయి. "గురువారం వస్తాండా, నలభై దినాలకు బట్టలు సర్దుకోమను" అని పెద్దాయన కబురు పెట్టాడు.

అత్త అన్నం మానేసింది. వండటం కూడా మానేసింది కాబట్టి మామ కూడా మానేశాడు. రానని చెప్పడం మామకు చేతకాదు. పోతే తిరిగొస్తాడన్న నమ్మకం అత్తకు లేదు. ఆ ఇంట్లో ఇద్దరి మనసు కాస్త మళ్లిద్దామని మంగళవారం మధ్యాహ్నం మూడు జతలూ సంచిలో వేసుకుని పోయాను.

మామ ముందు టేకు జత పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. "బాగుండాది అల్లుడా. గానీ ఎడమ పక్క పని చెయ్యడంల్యా."

నేను పెట్టుకుని చూశాను. శుభ్రంగా పనిచేస్తోంది. వేప జత ఇచ్చాను.

"దీనికీ అంతే. ఎడమది సచ్చిపోయుండాది."

చింత జతకూ అదే మాట. నాకు ఒళ్లు మండింది. మూడు జతలకూ ఒకే పక్క చావు రావడానికి ఇదేమన్నా అంటువ్యాధా? చివరికి చింత జతను మామ తల మీదే తిరగేసి పెట్టాను. ఎడమది కుడికి, కుడిది ఎడమకు.

"ఇప్పుడేం మామా?"

"ఇప్పుడూ ఎడమదే."

ఆ మాట అన్నాక మామ కళ్లు తెరిచాడు. నేను ఆయన్ను చూశాను. ఆయన నేలను చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"పదకొండేండ్లు."

"బాంబా?"

నాటుబాంబయితే ఈపాటికి ఊరంతా తెలిసేది. మామ గొంతు బాగా తగ్గించాడు. "టపాకాయల సరం అల్లుడా. పెద్దాయన గెలిచిన పొద్దు ఊరేగింపులో మనోల్లే యెవురో నా భుజం మింద యేసినారు."

అదీ సంగతి. గాయం చెప్పుకోవచ్చు, ఇది ఎట్లా చెప్పుకునేది? అందుకే నెపం నా హెడ్‌ఫోన్ల మీదికి తోశాడు. ఎదుటివాళ్లు ఏళ్ల తరబడి చేయలేని పనిని మనవాళ్ల సంబరం చేసింది. పైగా చెవి బాగా పనిచేస్తుందనే కదా ఆ కిటికీ ఇచ్చింది. ఆ తర్వాత ఏడేళ్లు మామ ఆ కిటికీకి సరిగ్గా ఆ చచ్చిన చెవినే ఆనించి కూర్చున్నాడు.

వంటింటి గుమ్మంలో ఏదో చప్పుడైంది. అత్త. అంతా వింది. కొట్టడానికే వస్తోందనుకున్నాను. వచ్చి మామకు ఎడమవైపు కూర్చుంది.

"ఈ పక్క కూసోనే కదయ్యా పదకొండేండ్లు నీకు సెప్పుకుంటి! కావాలనే ఇనడంల్యా అనుకుంటి!"

"ఏందే? ఈ పక్కకు రా" అన్నాడు మామ.

అత్త నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. తర్వాత పొయ్యి వెలిగించింది. చెవుడు బయటపడినందుకు పాయసం చేసిన ఇల్లు అదొక్కటే అయ్యుంటుంది. పాయసం పెడుతూ అసలు మాట అనేసింది: "ఇనపడనోన్ని జీపులో ఎవురూ కూసోబెట్టుకోరు. గురువారం ఆయప్పకు ఈ ఒక్క మాట సెప్పు. సాలు."

మామ గిన్నె కింద పెట్టాడు. "సెప్పలేనే. ఆయన ముందర నాకుండేది ఆ పేరొక్కటే."

బుధవారమంతా ఇంట్లో ఆ మాట మీదే రగడ. నాకు చేతనైన పని నేను చేశాను. చింత జత విప్పి, రెండు పక్కల పాటనూ కలిపి కుడివైపు స్పీకరుకే వచ్చేలా వైర్లు అతికాను. నిజానికి అది తప్పు పని. కుడి ఎడమలుగా విడదీసి రికార్డు చేసినదాన్ని మళ్లీ కలిపేయడమే. మామ పెట్టుకున్నాడు. పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే ఉండిపోయాడు.

"ఒరే, ఈ పాటలో వయొలిన్ గూడా ఉండాదా!"

ఆ సంతోషంలో ఆయన నాకు బోధపడ్డాడు. పోగొట్టుకున్నది ఏమిటో తెలిస్తే తప్ప అది పోయిందని ఒప్పుకోలేడు మనిషి. ఇట్లాంటి మాటలు నాకు నప్పవు, అందుకే అప్పుడు పైకి అనలేదు.

గురువారం పొద్దున జీపు వచ్చింది. పెద్దాయన, వెనక నలుగురు. అత్త కాఫీలు ఇచ్చి గుమ్మంలో నిలబడింది. పెద్దాయన మామ పక్కన, ఎడమవైపే కూర్చుని, చెవి దగ్గరికి వంగి ఏదో రహస్యం చెప్పాడు. మామ కదల్లేదు. పెద్దాయన మళ్లీ చెప్పాడు. నేను అత్తను చూశాను. అత్త చీర కొంగును పిండేస్తోంది.

"అన్నా" అన్నాడు మామ. "ఈ పక్కకొచ్చి కూసో. ఆ చెవి నాకు ఇనపడదు."

"జలుబు చేసిందా?"

"కాదన్నా. పదకొండేండ్లాయ."

పెద్దాయన కాఫీ గ్లాసు మెల్లగా కింద పెట్టాడు. "అంటే... ఏడేండ్లు చెవిటోన్ని ఎనక కూసోబెట్టుకుని తిరిగినానా నేను?"

మామ తలూపాడు.

"మరి పులివెందుల దారిలో జీపు వస్తాండాదని నువ్వే కదా సెప్పింది!"

"అద్దంలో దుమ్ము కనపడిందన్నా."

"జమ్మలమడుగు కోర్టుకు పోయిన పొద్దు?"

"ఇనపడల్యాదన్నా."

"గండికోట కాడ పెండ్లికి?"

"ఆ పొద్దు బ్యాండు గూడా సగమే ఇనపడింది."

పెద్దాయనకు చెమట పట్టింది. ఎప్పుడో దాటిపోయిన దారులన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని, ఆ భయాలన్నీ ఇప్పుడు కూర్చుని పడ్డాడు. చివరికి కండువాతో ముఖం తుడుచుకుని, "దేవుడే కాపాడినాడు" అన్నాడు.

వెనక నలుగురిలో ఒకడు ఉండబట్టలేక, "ఆ పక్కోల్లకు గూడా మన మింద అంత పనేం ల్యాకపోయిండొచ్చన్నా" అన్నాడు. పెద్దాయన తిరిగి చూసిన చూపుకు వాడు గోడమీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాడు.

పెద్దాయన లేచాడు. ఈసారి కుడివైపుకు వచ్చి మామ భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు రావద్దులే అబ్బీ. అంగడి చూసుకో. ఈ మాట మాత్రం ఆ పార్టీ వాళ్ల చెవిన పడనీవద్దు." జీపు కదిలాక అత్త గుమ్మంలోనే చతికిలబడింది. మామ వెళ్లి పక్కన కూర్చున్నాడు, చెవి సరిచూసుకుని మరీ.

ఆ తర్వాత పెద్దాయన తన మనుషులందరికీ చెవి పరీక్షలు చేయించాడని విన్నాం. ఎంతమంది మిగిలారో మాత్రం బయటికి రాలేదు.

ప్రచారం ముమ్మరంగా ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం, హెడ్‌ఫోన్ల వైరు వదులైందంటే అతకడానికి మామ ఇంటికి పోయాను. మామ చాప మీద గాఢంగా నిద్రపోతున్నాడు. అత్త పక్కనే కూర్చుని విసనకర్రతో విసురుతోంది. నన్ను చూసి నోటిమీద వేలు పెట్టింది.

"సూడబ్బీ, మంచి చెవి దిండుకేసి పండుకున్యాడు. ఇన్నేండ్లలో ఇదే మొదటిసారి. ఎప్పుడూ ఆ చెవి పైకి పెట్టుకోనే పండుకునేటోడు."

అప్పుడే వీధిలోకి పెద్దాయన జీపు వచ్చింది. పైన రెండు మైకులు, ఓట్ల కేకలు, కిటికీ రెక్కలు గడగడలాడాయి. మామ ఊపిరి కూడా తడబడలేదు. నేను వైరు కోసం అడుగు ముందుకు వేశాను.

"మెల్లగా నడువప్పా, లేస్తాడు" అంది అత్త.