మురికి పట్టిన నాలుగు తీగలు

మొన్న స్కూటర్ సీటు చిరిగిపోతే తిరుపతిలో మా వీధి చివరనున్న కుషన్ షాపుకు తీసుకెళ్లాను. షాపతను పాత కవరు ఊడబీకి, కొత్త స్పాంజిని బ్లేడుతో సర్రున కోశాడు. రెక్సిన్ వాసన, బంక వాసన కలిసి గుప్పుమన్నాయి. ఆ ఘాటుకు ఎవరికైనా తలనొప్పి వస్తుంది. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. "బంక వాసన పడదేమో, బయట నిలబడు మ్మా" అన్నాడతను. బంక కాదు నాయనా, ఖాజా అన్న అని చెప్పాలనిపించింది. చెబితే ఆయనెవరని అడుగుతాడు. ఆ జవాబు ఒక సీటు కుట్టేంత సేపట్లో అయ్యేది కాదు.

మేము చిత్తూరులో ఉన్నప్పుడు ఖాజా అన్న అక్కడ లారీలకు, ఆటోలకు సీట్లు కుట్టేవాడు. పెళ్లిళ్ల కాలం వస్తే మా ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాడు. బేస్ గిటార్ మామూలు గిటార్ కంటే పొడుగ్గా ఉంటుంది, దానికి నాలుగే నాలుగు లావుపాటి తీగలు. పాట వినేవాళ్లు దాన్ని పట్టించుకోరు. అది ఆగిపోతే మాత్రం పాటకు కాళ్లకింద నేల లేనట్టు ఉంటుంది. నేను ఆ పార్టీలో గాయనిని. జరీ చీర కట్టుకుని, మైకు పట్టుకుని ముందు నిలబడేదాన్ని. ఆయన వెనకాల, డ్రమ్స్ పక్కన, సగం చీకట్లో ఉండేవాడు. పదేళ్లు ఒకే వేదిక మీద ఉండి కూడా ఆయన ఏం వాయిస్తున్నాడో నేను ఒక్కసారీ చెవిపెట్టి వినలేదు. అంత పొగరు నాది.

థైరాయిడ్ ఆపరేషన్‌తో ఆ పొగరు దిగింది. మాట వచ్చింది, పాట రాలేదు. పై స్వరాలకు పోతే గొంతు జీరపోయి ఆగిపోయేది. పార్టీ నడిపే మునిరత్నం మంచి మనిషి. "కొన్నాళ్లు ఇంటికాడ ఉండు మ్మా, బాగయినాక సూద్దాం" అన్నాడు. బాగయ్యేది కాదని ఇద్దరికీ తెలుసు. ఇంట్లో రేడియో పెట్టినా నేను ఊరుకునేదాన్ని కాదు. తోచక, ఉన్న ఇత్తడి సామానంతా చింతపండుతో తోమేదాన్ని, అయిపోతే మళ్లీ మొదటినుంచి తోమేదాన్ని. అలా తోముతున్న ఒక మధ్యాహ్నం ఖాజా అన్న గిటార్ సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"గొంతు పోయింది, సరే. సెవి యాడికీ పోలేదు గదమ్మా? బేసు నేర్సుకో" అన్నాడు.

"ఈ వయసులో ఏం నేర్సుకునేదన్నా? నలభై వచ్చె."

"మంచిదే. పిల్లోళ్ల సేతి యేళ్లు సెప్పిన మాట ఇనవు. నీయి ఇంటాయి."

మొదటి నెలంతా ఆయన నాకు మోగించడం నేర్పలేదు, ఆపడం నేర్పాడు. "కొట్టేది ఎవురైనా కొడతారు. నిలిపేదే పని. నిలపకుంటే ఒకదాని మోత ఇంకోదాని మీద పడి అంతా బురదయితాది" అనేవాడు. ఎడమచేతి వేలిని తీగ మీదనుంచి పూర్తిగా ఎత్తకుండా కాస్త వదులు చేస్తే చాలు, మోత అక్కడికక్కడ ఆగిపోతుంది. వినడానికి ఇంతే. నాకు అది పట్టుబడేసరికి మూడు నెలలైంది. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు నడిచే మనిషి కాళ్లలా ఒకదాని తర్వాత ఒకటి పడాలి. మెడ దగ్గర మీటితే గుండ్రటి మోత, కింద తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర మీటితే గట్టి మోత. వేళ్లకు బొబ్బలు లేచాయి, చితికాయి, చివరికి కాయలు కాశాయి. "స్టేజీ ఎక్కుతావా?" అని ఆయన అడిగినప్పుడల్లా "ఇంకా రాలేదన్నా" అనేదాన్ని. వచ్చిందని నాకు తెలుసు. ఒకప్పుడు ముందు నిలబడిన చోటే వెనక్కు పోయి నిలబడటానికి నాకు మొహం చెల్లలేదు.

వారమంతా సాధన చేసుకొమ్మని ఆయన గిటార్ మా ఇంట్లోనే వదిలి వెళ్లేవాడు. ఒక శనివారం కార్వేటినగరంలో రిసెప్షన్ కచేరీ పడింది. ముందురోజు గిటార్ తుడుస్తూ చూస్తే తీగలు నాలుగూ నల్లగా, జిడ్డుగా ఉన్నాయి. గురువు సామాను ఇలాగా ఉంచేది అని నా మీద నాకే కోపం వచ్చింది. నాలుగు తీగలూ ఊడదీసి, చింతపండు నీళ్లలో మరగబెట్టి, కొబ్బరి పీచుతో తోమి, ఆరబెట్టి, మళ్లీ బిగించాను. మా ఇంటి ఇత్తడి చెంబుల్లా తళతళలాడాయి. ఆయన మెచ్చుకుంటాడని రాత్రంతా మురిసిపోయాను.

మర్నాడు సాయంత్రం గిటార్ ఇవ్వడానికి పార్టీతో నేనూ వెళ్లాను. కార్వేటినగరం పెళ్లి మండపంలో ఆయన గిటార్‌ను మోత పెంచే యాంప్ పెట్టెకు తగిలించి మొదటి తీగ మీటాడు. బరువుగా మోగాల్సింది చెంబులా టంగుమంది. ఆయన చెయ్యి ఆగిపోయింది. మోత పదును మార్చే టోన్ గుండీ మొత్తం తగ్గించాడు, యాంప్‌లోనూ తగ్గించాడు. మళ్లీ టంగే.

"ఏం సేసినావు మ్మా?"

"కడిగినానన్నా. చింతపండేసి."

డ్రమ్స్ అతను పకాలున నవ్వాడు. మునిరత్నం తల పట్టుకున్నాడు. ఖాజా అన్న మాత్రం తీగను వేలితో నిమురుతూ, "పదైదేండ్ల మురికి మ్మా అది" అన్నాడు, అంతే. పదిహేనేళ్లుగా ఆయన చెమట, చేతి జిడ్డు ఆ లావు తీగలకు చుట్టిన సన్నతీగ చుట్లలోకి దిగి, వాటి మెరుపు చంపి, మోతకు ఆ బరువు తెచ్చాయట. దాన్ని నేను గంటలో తోమి పారేశాను. నాకు తల కొట్టేసినట్టయింది. గొంతు పోయాక మిగిలిన ఒక్క దారినీ నా చేతులారా మూసుకున్నానని ఏడుపొచ్చింది. "ఇంక దీన్ని ముట్టుకోనన్నా" అన్నాను.

ఆయన పార్టీ వ్యానులోకెళ్లి తన పనిముట్ల సంచిలోంచి స్పాంజి ముక్క తెచ్చాడు. బ్లేడుతో వేలెడు కోసి, బ్రిడ్జి పక్కన తీగల కిందికి దూర్చి మీటాడు. ఈసారి ధుమ్మని మోగి ఆగింది. పాత మోత సగమైనా తిరిగొచ్చింది. వాయిస్తాడేమో అనుకుంటే, గిటార్ బెల్టు తీసి నా భుజాన వేశాడు.

"నా మురికి పోయింది. ఈ తీగలు నాకూ కొత్తే, నీకూ కొత్తే. నువ్వు వాయించు. ఇంక నీ మురికి పట్టాల."

"అబ్బా ఖాజా, పెండ్లోళ్లు ఏమన్నా అంటే?" అన్నాడు మునిరత్నం.

"బేసు ఎవురు వాయిస్తాండారో పెండ్లోళ్లు యాడ సూస్తారప్పా? తప్పు పోతే నాదని సెప్పు."

తప్పులు పోయాయి, రెండు, మొదటి పాటలోనే. ఆయన నా వెనక ఖాళీ స్పీకర్ పెట్టె మీద కూర్చుని రెండుసార్లూ "కానియ్, కానియ్" అన్నాడు. మూడో పాటకు నా స్థానంలో వచ్చిన అమ్మాయి పై స్వరానికి పోయింది. ఒకప్పుడు నేను అలవోకగా అందుకున్న స్వరం అది. అసూయ పడతాననుకున్నాను. పడలేదు. ఆమె అక్కడ నిలవాలంటే కింద నేను సరిగ్గా నిలవాలి అన్న ధ్యాసే ఉంది. ఇంటికొచ్చాక రేడియో నేనే పెట్టాను.

ఆ గిటార్ ఆయన మళ్లీ తీసుకోలేదు, పార్టీలో బేస్ నాకే వదిలేశాడు. "నాకు ఇంకోటి ఉండాది లే" అన్నాడు. ఇంకోటి లేదని చాలా ఏళ్లకు, ఆయనకు ఒంట్లో బాగాలేదని చూడబోయినప్పుడు, వాళ్లావిడ చెబితే తెలిసింది. అప్పటికి ఆయనకు చెవులు సరిగా వినబడటం లేదు. ఇంకో వారానికి గిటార్, చిన్న యాంప్ పట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆయన అరచెయ్యి యాంప్ పెట్టె మీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఒక పాట మొత్తం వాయించాను. చెయ్యి తీయకుండానే, "పట్టింది మ్మా" అన్నాడు. ఏం పట్టిందో గదిలో ఉన్న మిగతావాళ్లకు అర్థం కాలేదు. మరుసటి మామిడి కాలానికి ఆయన లేడు.

మొన్న సీటు తయారయ్యాక, షాపతన్ని వేలెడు స్పాంజి ముక్క అడిగి తెచ్చుకున్నాను. ఖాజా అన్న కోసిచ్చింది పొడి పొడిగా రాలిపోతోంది. ఇంటికొచ్చి కొత్తదాన్ని తీగల కిందికి దూర్చాను. తీగలు మాత్రం అవే నాలుగు. నల్లగా ఉన్నాయి. ఇంట్లో ఇత్తడి అంతా ఇప్పటికీ చింతపండుతో నేనే తోముతాను, నేను తోమితే మరక మిగలదని మా వాళ్లందరికీ నమ్మకం. నాకూ నమ్మకమే. ఆ ఒక్క రోజు మాత్రం నేను సరిగ్గా తోమి ఉండకూడదని, ఆ చుట్ల లోపల ఎక్కడో ఆయన మురికి కొంచెమైనా మిగిలి ఉండాలని కోరుకుంటాను.