డడ్లీ చివరి మాట

క్లైవ్ టాన్వెల్ పెన్సిలుతో నల్లరాయి మీద గీత గీశాడు. స్కేలు కిందికి జరిపి ఇంకొకటి గీశాడు. పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు చెక్కడం అయిపోయింది. ఆ రెండు గీతల నడుమ మూడు మాటలు చెక్కితే డడ్లీ ప్రౌస్ సమాధిరాయి పూర్తవుతుంది.

'షీల్ బి రైట్.' ఏం కాదులే అని అర్థం.

పడమటి మేతబీళ్ల మధ్య ఉన్న ఆ ఊళ్లో ఆ మాట అనని మనిషి లేడు. కంచె వాలినా అదే, లారీ బ్రేకు కీచుమన్నా అదే, డాక్టరు మొహం మాడ్చుకుని బయటికొచ్చినా అదే. చావును కూడా చావనరు అక్కడ. 'బకెట్ తన్నేశాడు' అని, టోపీ తీసి, మళ్లీ పెట్టుకుంటారు. క్లైవ్ కూడా అలా మాట్లాడుతూ పెరిగినవాడే.

ఉలి ఎత్తాడు. దించాడు. అలా మూడు రోజులుగా జరుగుతోంది. రాతి మీద ఉలి ఆనించగానే తన గొంతే తనకు వినబడుతోంది, కిందనుంచి పైకి అరిచిన గొంతు.

ఫిబ్రవరిలో, బోరు దగ్గర గాలిమర బాగుచేయడానికి ఇద్దరూ వెళ్లారు. డడ్లీ నిచ్చెన సగం ఎక్కి ఆగాడు.

"ఒరేయ్ క్లైవ్, ఈ పైమెట్టు బోల్టు బిగించావా?"

క్లైవ్ అప్పుడు పైపులోకి వంగి ఉన్నాడు. తల కూడా ఎత్తలేదు. "ఏం కాదులే, ఎక్కు!"

ఆ బోల్టు బిగించలేదు. పైమెట్టు ఊడి, డడ్లీ కిందపడి పోయాడు.

పోలీసు వచ్చి అడిగితే క్లైవ్ నోరు దానంతటదే కదిలింది. "చూసుకోరా అన్నాను. ఏం కాదులే అంటూ ఎక్కేశాడు." ఊరంతా నమ్మింది. అంత్యక్రియల రోజు పబ్బులో ఆ మాట చెప్పుకుని నవ్వారు, ఏడ్చారు. చివరికి డడ్లీ భార్య నెరిడా వచ్చి, అతను ఆఖరున అన్న మాట అదే కాబట్టి రాయి మీద అదే ఉండాలంది.

షెడ్డు గుమ్మంలోంచి పబ్బు నడిపే లాక్లన్ తొంగి చూశాడు. "ఏరా, ఇంకా అవలేదా? నువ్వు మొదలెట్టేలోగా మేమంతా పోయేట్టున్నాం. మా సమాధిరాళ్లు కూడా ఇప్పుడే చెప్పిపెట్టుకోమంటావా?"

"నీకైతే పలకముక్క చాలు, పో."

లాక్లన్ నవ్వుకుంటూ వెళ్లాడు. క్లైవ్ తడిగుడ్డ తీసుకుని పెన్సిలు గీతలు రెండూ తుడిచేశాడు. ఆ తర్వాత నెరిడా ఇంటికి నడిచాడు.

ఆమె పెరట్లో దుప్పట్లు ఆరేస్తోంది.

"ఆ మాట నేను చెక్కలేను, నెరిడా. అది వాడన్నది కాదు. నేనన్నది. బోల్టు బిగించావా అని వాడు అడిగాడు. నేను చూడకుండానే ఎక్కమన్నాను."

దుప్పటి అంచు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

"ముప్ఫై ఏళ్లు," అంది. "పడుకునే ముందు గ్యాసు కట్టేశానా అని రెండుసార్లు చూసేవాడు. తలుపు గడియ మూడుసార్లు. అలాంటి మనిషి ఆ రోజు ఎందుకంత అజాగ్రత్తగా ఉన్నాడా అని నిద్రపట్టక చస్తున్నాను. నామీద కోపంతో వెళ్లాడేమో అనుకున్నాను. పొద్దున చిన్న గొడవ అయింది మాకు. తెలుసా నీకు?"

"తెలీదు."

"పోలీసుకు చెప్తావా?"

"ఇక్కణ్ణుంచి అక్కడికే."

"వెళ్లు. రాయి మీద పేరు చాలు. అది మాత్రం లోతుగా చెక్కు." ఆమె క్షమించాననలేదు. అతనూ అడగలేదు.

స్టేషన్‌లో చెప్పాల్సింది చెప్పి, సంతకం పెట్టి వచ్చి, క్లైవ్ మళ్లీ ఉలి పట్టాడు. పేరులోని ప్రతి అక్షరాన్నీ ఇంకో పావు అంగుళం దించాడు. దెబ్బదెబ్బకీ ఆ గొంతు వినబడుతూనే ఉంది. అయినా చెయ్యి ఆపలేదు.

శనివారం శ్మశానంలో సిమెంటు దిమ్మె మీద రాయిని నిలబెట్టాడు. రాయి కదలకుండా రెండు ఇనుపకడ్డీలు దించాడు, మట్టం పెట్టి చూశాడు, భుజం ఆనించి నెట్టి చూశాడు. పక్కకు తప్పుకుని నిలబడ్డాడు.

నెరిడా ముందుకొచ్చి, రెండు చేతులూ రాతి మీద పెట్టి, ఒంట్లో బలమంతా పెట్టి నెట్టింది. అది కదల్లేదు. వేలితో పేరంతా తడిమింది.

"సరే," అంది.

క్లైవ్ పనిముట్లు సంచిలో వేసుకున్నాడు.