దసరాకి రంగు పూసిన నంబరు

ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు నేనొక చిన్న కాంట్రాక్టరు దగ్గర పనిచేశాను. పైపుల అతుకుల్లో పగుళ్లున్నాయేమోనని రేడియేషన్‌తో ఫోటోలు తీయడం మా పని. తీసేవాడు మా అక్క మొగుడు. మీటరు చూసి, ప్రమాదం లేదన్నచోట తాడు కట్టి, దాని వెనక నిలబడేవాడు.

ఆ మీటరు నిజం చెబుతోందో లేదో తేల్చడం నా పని. దానికి రెండు రేడియోధార్మిక బిళ్లలుండేవి. ఒకదాని బలం రెండోదానికి రెట్టింపు. చూపుకి రెండూ ఒకటే, వాటి డబ్బాలూ అంతే. తేడా తెలిసేది మీద చెక్కిన నంబరుతోనే. ఆ నంబర్లతోనే బొంబాయి నుంచి సర్టిఫికెట్లు వచ్చాయి.

మా ఆఫీసరుకి బిళ్లలకన్నా సర్టిఫికెట్ల మీద భక్తి. ఫ్రేములు కట్టించి, ఏ డబ్బాది ఆ డబ్బా పైన గోడకి తగిలించాడు. దసరాకి ఆయుధపూజ అంటూ బిళ్లల్ని కూడా చింతపండుతో తోమించి, సిల్వర్ పెయింటు పూయించి, బొట్లు పెట్టించాడు. నంబర్లు రంగు కింద పోయాయి. ఏది ఏ డబ్బాలోదని అడిగాను.

"ఎడం పక్కనున్నది ఎడం డబ్బాలోది. అంత సదువుకున్నావ్, ఈపాటి తెల్దేటి?" అన్నాడు.

తర్వాత ఒక బిళ్లతో సరిచూస్తే మీటరు దాని సర్టిఫికెట్ అంకెకి రెట్టింపు చూపించింది. "మీటరు పాడైనాది, స్క్రూ తిప్పు" అన్నాడు. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. నేనూ తిప్పి, రెట్టింపుని సగానికి దించి, సరిచూశానని కాగితం మీద సంతకం చేశాను.

మూడు నెలలకి బావ జేబుకి పెట్టుకునే ఫిల్ము బ్యాడ్జీ రిపోర్టు వచ్చింది. మీటరు లెక్కకి రెట్టింపు రేడియేషన్ ఒంటికి తగిలిందట. బ్యాడ్జీని ఎక్కడో పెట్టె మీద పారేసుంటాడని ఆఫీసరు బావనే తిట్టాడు.

"నాను సొక్కా ఇప్పనేదు సార్. బేడ్జీ ఎక్కడికెల్తాది?" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండింది. బ్లేడుతో రంగు గీకాను. డబ్బాలు తారుమారయ్యాయి. ఆఫీసరు గోడకేసి చూసి, "అయితే ఫ్రేములు అటుదిటు మార్చీ, సరిపోద్ది" అన్నాడు. అంతటి మేధావికి ఆ సాయంత్రం కూడా మేం లేచి నిలబడి నమస్కారం పెట్టాం.

 గేటు దాకా బావ పక్కన నడుస్తూ ఆఫీసర్ని నేను తిడుతూనే ఉన్నాను. సైకిలు స్టాండు తీస్తూ బావ అన్నాడు.

"ఆడి సంగతి నాకెరికే బావా. మీటరు కాయితం మీద నీ సంతకం సూసే నాను తాడెనకాల నిలబడ్డాను."