ఆషాఢంలో కత్తిరించిన తోట

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది, కడపలోని ఒక తోటల సంస్థలో నేను సీనియర్ డిజైనరుగా ఉన్నప్పుడు, ప్రొద్దుటూరు పని అప్పగించారు. జమ్మలమడుగు రోడ్డులో కొత్తగా కట్టిన కల్యాణ మండపం. యజమాని రామసుబ్బయ్య కోరిక ఒక్కటే: పెళ్లి ఎప్పుడు జరిగినా తోటలో పూలుండాలి.

ఆ ఎండల్లో అది చెప్పినంత తేలిక కాదు. ఒక మొక్క పూత ఆగేసరికి ఇంకొకటి అందుకునేలా వరుస కట్టాలి. మాఘానికి బంతి, చామంతి, వైశాఖానికి మల్లె, రేల, శ్రావణానికి నూరువరహాలు, కాగితపు పూలు వేయించాను. పూసిన మొక్కలకు కత్తిరింపు, విశ్రాంతి కూడా కావాలి కదా. పంచాంగం ముందు పెట్టుకుని, ముహూర్తాలు లేని ఆషాఢాన్నీ పుష్యాన్నీ అందుకు కేటాయించాం. ఆ ప్లాను చూసుకుని తెగ మురిసిపోయాను.

రెండో ఏడు ఆషాఢంలో పడమటి సగం కత్తిరింపు పూర్తయిన రోజున సునంద అనే టీచరమ్మ వచ్చింది. చర్చి వాళ్లు. పై వారం ఆమె కూతురి పెళ్లి. ప్రార్థన చర్చిలో, విందు ఈ తోటలో. మండపం మేనేజరు దగ్గర ఎప్పుడో బుక్ చేసుకున్నారు. ఆషాఢంలో పెళ్లేమిటని రామసుబ్బయ్య ఆశ్చర్యపోయాడు.

"మాకు ఆషాఢం లేదన్నా" అందామె. "నా బిడ్డ ఈ తోట చూసే ఈడ పెట్టుకుండాది. ఈ మోడుల్లో యాడ నిలబడల్ల?"

ఏసీ హాల్లో వేదిక కట్టిస్తానని ఆయన సర్దిచెప్పబోయాడు. నాకు ఒళ్లు మండింది, ఆయన మీద కొంత, నా మీద ఎక్కువ. కత్తెర్లు అక్కడికక్కడే ఆపించాను. వేదికను తూర్పు సగంలోకి మార్చి, పడమటి వైపు షామియానా గుడ్డతో మూయించాను. పెళ్లినాడు పిల్ల తెల్లచీరలో, ఎర్రటి నూరువరహాల పక్కన నిలబడింది. ఎట్లుందని టీచరమ్మను అడిగాను.

"బాగుండాది సార్. పోయినేడు మా బిడ్డ చూసినప్పుడు దీనికి రెండింతలుండె."

ఆ తర్వాత ఏ తోటనూ మొత్తంగా ఒకే నెలలో కత్తిరించనివ్వలేదు. సగం సగం, వంతులవారీగా చేయించాను. పులివెందులలో గానీ ఇంకెక్కడ గానీ, మండపం పని ఒప్పుకునేముందు యజమానిని మొదట అడిగింది ఒక్కటే: ఈ ఊళ్లో ఎవరెవరు పెళ్లిళ్లు చేసుకుంటారు? చాలామంది నవ్వేవాళ్లు. జవాబు చెప్పేదాకా నేను కొలత టేపు బయటికి తీసేవాణ్ణి కాదు.