మా నానమ్మ కట్టెలు ఏ కాగితంలోనూ లేవు

మా చిన్నప్పుడు... పాల్వంచ అవతల మా ఊళ్లో సామిల్లు రంపం మోత మొదలైతేనే తెల్లవారినట్టు. నాన్న అక్కడ దుంగలు మోసేవాడు. సాయంత్రం ఆయన తల దువ్వితే దువ్వెన నిండా రంపపు పొట్టే...

ఆ మిల్లులో ఒక పద్ధతి ఉండేది. పనివాళ్ల ఇంట్లో ఎవరైనా పోతే కాష్ఠానికి కట్టెలు మిల్లు నుంచే వచ్చేవి. సాయబుల ఇంట్లో అయితే గోరీలో పరిచే చెక్కలు. ఎవరూ అడిగేవాళ్లు కాదు. కబురు అందితే చాలు, బండి కదిలేది.

మిల్లు పెట్టిన పెద్దాయన పోయాక కొడుకు కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఏడే మా నానమ్మ పోయింది. పొద్దున్నే నాన్న నా చెయ్యి పట్టుకుని వెళ్లి కబురు చెప్పాడు.

చినబాబు తల ఎత్తలేదు. "కట్టెలిస్తామని ఏ కాగితంలో రాశామయ్యా?"

నాన్న అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంటి దగ్గర నానమ్మను వాకిట్లో పడుకోబెట్టి ఉంచారు... ఉత్త చేతులతో ఎట్లా తిరిగి వెళ్లాలి?

అప్పుడు రంపం ఆగింది. దాన్ని నడిపే ఖాసిం మామ చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"మొన్న వాగు పొంగితే మీ దుంగలు కొట్టుకపోకుండ మెడలోతు నీళ్లల్ల నిలవడ్డం గద చినబాబు. దిగుమని ఏ కాయితంల రాసిండ్రు?"

"అది వేరు..."

"ఏంది వేరు?" నాన్న వైపు చెయ్యి చూపాడు ఖాసిం మామ. "ఈత రాకున్నా ఈయన గూడ దిగిండు. జల్దీ చెప్పుండ్రి. మీరిస్తరా, మేమే ఎత్తుకోవాల్నా?"

జవాబు కోసం ఎవరూ ఆగలేదు. పనివాళ్లంతా తలా ఒక మొద్దు భుజానికెత్తుకున్నారు. బండి కూడా అడగలేదు. బజారు నడిమి నుంచి వరసగా మోసుకొచ్చారు... నా చేతిలోనూ ఒక చిన్న కట్టె పెట్టాడు ఖాసిం మామ.

"పట్టు బిడ్డా. బతికినన్ని దినాలు నన్ను తిట్టింది ముసల్ది, ఇయ్యాల మోయించుకుంటున్నది."

ఏడుస్తూనే నవ్వాడు నాన్న.

ఇప్పుడు నేను చేసే ఫ్యాక్టరీలో చేరిన రోజే పన్నెండు పేజీల రూల్స్ మీద సంతకాలు పెట్టించుకున్నారు. మొన్న నా పక్క మిషన్ అమ్మాయికి తల్లి పోతే, సెలవు ఎన్ని రోజులో రూల్స్‌లో చూస్తానన్నాడు సూపర్‌వైజర్. షిఫ్టు అయిపోయినా లోడు దిగేదాకా ఉండమన్నప్పుడు ఆ పేజీలు ఎవరూ తిప్పలేదు. అదే అడిగాను అందరి ముందూ. మెమో ఇచ్చారు. ఇవ్వనీ...

సామిల్లు మూతపడి ఏళ్లయింది. ఆ మోతా లేదు, ఆ పద్ధతీ లేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు ఎక్కడా రాసి లేకపోయినా దక్కినవి ఏంటో చెప్పండి... మెమో వెనకంతా ఖాళీగానే ఉంది, అక్కడ రాసి ఫ్యాక్టరీ వాళ్లకే తిరిగి ఇస్తాను.