మామ చేసిన రెండో విల్లు

మా మేనమామ పోయాడని పోయిన నెల జనగామ నుంచి ఫోన్ వచ్చింది. ఒంట్లో బాగా లేదని తెలుసు, అయినా ఈ వానకాలం దాటుతాడనే అనుకున్నాం. దినాలకు వెళ్తే ఆయన దగ్గర చదివినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. మా ఊరివాళ్లు మాత్రం, పోయిన మనిషి ఫోటో ముందు కూడా, ‘విల్లు విరగ్గొట్టిన సారు’ అనే అన్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనకు ఆ పేరు పడింది మా ఇంటి పుణ్యానే.

మామ జనగామలో డ్రిల్ సారు. మెడలో విజిల్ లేకపోతే అంగీ వేసుకోనట్టు ఇబ్బంది పడేవాడు. ఎనభైల్లో నేను ఇంటర్ చదువుతున్నప్పుడు వెదురు విల్లుతో నా గురి చూసి, “బిడ్డా, గీ కట్టెతోని కాదు. నీకు అసలైన విల్లు కావాలె” అన్నాడు. దీపావళి తర్వాత హనుమకొండలో జిల్లా విలువిద్య జట్టుకు ఎంపికలు. అలాంటి విల్లు కొనడం మాటలా? తానే చేస్తానని దసరా సెలవులకు చిల్పూర్ దగ్గరి మా ఊళ్లో దిగాడు. చేతిలో రంపం, చిత్రిక, సంచి నిండా పాత సైకిల్ ట్యూబులు. అవి ఎందుకో బస్సులో అందరికీ చెప్పుకుంటూ వచ్చాడట. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

విల్లు కంటే ముందు అచ్చు కావాలి. మందపాటి టేకు దిమ్మెను విల్లు వంపుకు కోసి, దాని మీద పలచని వెదురు పట్టీలు, చెక్క పట్టీలు జిగురు పూసి పరిచి, కదలకుండా బిగించాలి. ఆరాక అచ్చుకున్న వంపే విల్లుకు వస్తుంది. మామ కాగితాన్ని నడిమికి మడిచి సగం వంపే గీసి కత్తిరించాడు. విప్పితే రెండు పక్కలూ ఒక్క తీరే. “ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువైతే సంసారమే నడవదు, బాణమేం నడుస్తది?” అనేవాడు. మూలమట్టం పెట్టి చూడటం, సందులోంచి వెలుతురు కనిపిస్తే మళ్లీ చిత్రిక పట్టడం. అమ్మ అన్నానికి పిలిస్తే “అక్కా, జర ఆగు, ఇంక వంకరున్నది” అనేవాడు. చివరికి అచ్చుకు మైనం రుద్ది, పట్టీలు పరిచి, ట్యూబు ముక్కలు సాగదీసి గట్టిగా చుట్టాడు. ముసురు పట్టింది కాబట్టి దీపావళి దగ్గరపడేదాకా ఎవరూ ముట్టొద్దన్నాడు.

దసరా అంతదాకా ఆగదు కదా. నాన్న అప్పుడు సర్పంచుగా నిలబడే ఆలోచనలో ఉన్నాడు. జమ్మి పూజకు తన ఇంటి విల్లు వస్తుందని ఊరంతా చెప్పి పెట్టుకున్నాడు.

“బావా, జిగురు ఆరలే. అచ్చుతోనే పెడుదాం పూజకు” అన్నాడు మామ.

“దిమ్మెకు దండం పెట్టుమంటవా జనాన్ని? ఇప్పు. పూజ అయినంక మళ్ల బిగించుకో.”

మామ అమ్మ వైపు చూశాడు. అక్క బతికే ఇంట్లో బావ మాట కింద పడనీయకూడదన్నది ఆయన లెక్క. ట్యూబులు విప్పాడు.

పూజయ్యాక అయినా ఊరుకున్నారా! “ఒక్కసారి గుంజి చూపియ్యి” అన్నాడు నాన్న, అందరూ వినేలా. మామ అల్లె తాడు కట్టి సగం లాగాడో లేదో, ఫెళ్లుమని పట్టీలు విడిపోయి వేలాడాయి. జమ్మి దగ్గర నవ్వులే నవ్వులు. “పటేలా, నీ బామ్మర్ది విల్లు కాదు, చీపురు కట్టిండు” అన్నారెవరో. నాన్న ముఖం మాడిపోయింది. “గివన్ని మనతోని కాదని ముందే చెప్పిన” అనేశాడు.

మామ కాదనలేదు. “తప్పు నాదే. ఆరకముందే ఇప్పిన” అన్నాడు. ఎవరు విప్పమన్నారో చెప్పలేదు. పైగా జమ్మి ఆకు తెంపుకొచ్చి, జిగురు మరకల చేతులతో దాన్నే బంగారమని నాన్న చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. నాన్న దీవించాడు కూడా. అంత సిగ్గు నేను మళ్లీ ఎన్నడూ పడలేదు. ఆ ఇంటి బిడ్డను అయినందుకు ఇప్పుడు రాస్తుంటే కూడా చెవులు కాలుతున్నాయి.

మామ అచ్చును భుజాన వేసుకుని జనగామ వెళ్లిపోయాడు. తర్వాత కబురు లేదు. ఎంపికలకు పోవద్దని, పోయిన పరువు చాలని నాన్న తేల్చేశాడు. అమ్మ ఎప్పుడూ ఆయనకు ఎదురు చెప్పింది లేదు. ఆ రోజు మాత్రం, “పరువు పోయింది నా తమ్మునిది. పిల్ల పోతది” అని పాత వెదురు విల్లుతోనే నన్ను తీసుకుని బస్సెక్కింది.

హనుమకొండ మైదానంలో మామ రెండో విల్లుతో నిలబడి ఉన్నాడు. అదే అచ్చు మీద చేశాడు, ఈసారి పూర్తిగా ఆరబెట్టి. నున్నగా, చూడముచ్చటగా ఉంది. ఎంపిక చేసే పెద్దసారు దాన్ని తిప్పి చూసి, “ఎక్కడ తెప్పించిండ్రు?” అని అడిగాడు. బస్సులో ముక్కూముఖం తెలియనివాళ్లకు కూడా చెప్పుకున్న మనిషి నేల చూపులు చూశాడు. “మా మామ చేసిండు సార్” అన్నాను గట్టిగా. అప్పుడు మామ, అడక్కపోయినా, “మొదటిది ఇరిగింది సార్” అన్నాడు.

నేను గీత మీద నిలబడి విల్లు లాగాను. పట్టీలు సన్నగా కిర్రుమన్నాయి. ఓరకంట చూస్తే మామ గోడవైపు తిరిగి, రెండు చెవులూ మూసుకుని ఉన్నాడు. నా బాణాలన్నీ అయిపోయేదాకా ఆయన ఇటు తిరగలేదు. అంగీ వీపుకు చెమటతో అంటుకుపోయింది.

దగ్గరికెళ్లి భుజం తట్టాను. ఎన్ని తగిలాయని అడగలేదు. గోడనే చూస్తూ, “ఉన్నదా?” అన్నాడు.

“ఉన్నది మామా.”

నమ్మలేదు. కళ్లు మూసుకుని చెయ్యి వెనక్కి చాచి, ఈ కొస నుంచి ఆ కొసదాకా విల్లును తడుముకున్నాడు.