ఏడో తరగతి గ్రామసభ

మొన్న వనపర్తిలో మా చిన్న కోడలు, తానూ సోషల్ టీచరే, పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, "అత్తమ్మా, పంచాయతి పాఠం తీస్తే చాలు పిల్లలు ఆవులిస్తుండ్రు, మీరైతె ఎట్ల చెప్తుండిరి?" అని అడిగింది. జవాబు చెప్పబోయాను. మనసు అప్పటికే గద్వాల దాటి, రాజోలి వైపు తుంగభద్ర దగ్గరున్న నా మొదటి బడికి చేరిపోయింది.

ఆ బడిలో చేరేనాటికి నాకింకా పెళ్ళి కాలేదు. మన కాలంలో ఉద్యోగాల్లో చేరినవాళ్ళకు తెలియందేముంది, సోషలంటే చదివించడం, ముఖ్యమైన మాటల కింద గీత గీయించడం, మర్నాడు అప్పజెప్పించుకోవడం, అంతే కదా! నాకది మొదటినుంచీ మింగుడుపడేది కాదు. నదుల పాఠం వస్తే పిల్లలను ఏటి ఒడ్డుకు తీసుకుపోయి, తడి ఇసుకలో కృష్ణనూ తుంగభద్రనూ వేళ్ళతో తవ్వించి, దోసిళ్ళతో నీళ్ళు పోయించేదాన్ని. రెండు పాయలూ కలిసిన చోట వాళ్ళు వేసే కేకలు ఊళ్ళోకి వినిపించేవి. హెడ్మాస్టరు గారు కోప్పడే మనిషి కాదు గాని, ఇసుక కొట్టుకున్న లంగాలనూ లాగులనూ చూసి, సిలబస్ ఎప్పటికి అయ్యేనో అని నిట్టూర్చేవారు. అవుతుందని నేను ధీమాగా చెప్పేదాన్ని, అయ్యేది కూడా.

అయితే వానకాలం సగానికొచ్చేసరికి ఏడో తరగతి పలచబడేది. కంపెనీలకు విత్తనాల కోసం వేసే పత్తి చేలల్లో మొగ్గలు గిల్లి పుప్పొడి అద్దే పనికి చిన్న వేళ్ళే మంచివని ఊరంతటి నమ్మకం, అందులోనూ ఆడపిల్లల వేళ్ళు. ముందు బెంచీలో కూర్చునే ఒక రైతు బిడ్డ, చురుకైన పిల్ల, ఒకనాడు నా బల్ల దగ్గరికొచ్చి, "ఐతారం దాటినంక నేను రాను టీచర్, మా నాయిన చేనుకు రమ్మన్నడు" అని మెల్లగా చెప్పి పోయింది.

ఇళ్ళకు పోయి బతిమాలడం అంతకుముందే చేసి చూశాను. అందుకని ఆ శనివారం బడి వరండాలో గ్రామసభ పాఠాన్ని సభలాగే జరిపిస్తానని, చూడడానికి పెద్దలంతా రావాలని ఊళ్ళో చెప్పించాను. పిల్లలు చేతులెత్తి ఆ పిల్లనే సర్పంచిగా ఎన్నుకున్నారు. తల్లులు, తండ్రులు వచ్చి అరుగు చుట్టూ కూర్చున్నారు. వార్డు మెంబర్లయిన పిల్లలు బోరింగు గురించి, వీధి దీపాల గురించి అడిగారు, పెద్దలు ముసిముసిగా నవ్వుకున్నారు. అంతా అయిందనుకుంటుండగా ఆ పిల్ల లేచి, నేను నేర్పని మాట అన్నది.

"మా తరగతిల సగం మంది పత్తిచేన్లల్ల ఉన్నరు. వాళ్ళను బడికి తోలేది ఎవరు?"

ఆమె తండ్రి, తలపాగా సర్దుకుంటూ, "గిది నాటకమా, నిజమా బిడ్డా?" అన్నాడు.

"సర్పంచి అడుగుతున్నది. జవాబు చెప్పుండ్రి" అన్నది, తండ్రిని ఎన్నడూ 'మీరు' అని పిలిచి ఎరుగని ఆ పిల్ల.

ఆ పిల్లకు ఇంటికెళ్ళాక దెబ్బలు తప్పవేమోనని భయపడ్డాను. ఆ తండ్రి బిడ్డ వైపు తిరిగాడు. "సోమవారం పంపిస్త. చేను సంగతి నేను జూసుకుంట" అని లేచి, తలెత్తుకునే వెళ్ళిపోయాడు.

సోమవారం ఆ పిల్ల వచ్చింది, చెల్లెలిని కూడా వెంటబెట్టుకుని. మిగతావాళ్ళలో కొందరొచ్చారు, కొందరు ఎంత తిరిగినా రాలేదు, "మా ఇంట్ల పొయ్యి నువ్వు ముట్టిస్తవా టీచరమ్మా?" అని ఒక తల్లి అడిగింది కూడా. అయినా సభ ఆపలేదు. మరుసటి ఏడు హెడ్మాస్టరు గారే, ఈసారి ఎప్పుడమ్మా అని అడిగారు. పాఠం పుస్తకంలోంచి లేచి పిల్లల నోట్లోకి రావాలి, అక్కడినుంచి ఊళ్ళోకి నడవాలి. సోషల్ చెప్పడమంటే ఇదేనని అప్పుడూ అన్నాను, ఇప్పుడు కోడలితోనూ అదే అంటాను.

ఈమధ్య ఆ ఊరికి వెళ్ళాను. బడిలో గోడంత తెర పెట్టారు, వేలు తగిలిస్తే నదులు నీలంగా పారుతున్నాయి, పిల్లలు మనకాలం పిల్లలకంటే ధైర్యంగా మాట్లాడుతున్నారు. చూసి కడుపు నిండింది. కానీ తండ్రులు సగం మంది పూణెలోనో, హైదరాబాదులోనో పనుల మీద ఉన్నారట. పిల్లలు అడగడం నేర్చుకున్నారు గాని, అరుగు చుట్టూ కూర్చుని వినే నాయినలే ఊళ్ళో కనబడలేదు.